గోడ మీద పడే వెలుతురు: ఒక నిలువు నియాన్ బోర్డు పునరుద్ధరణ

నాలుగు వీధుల కూడలిలో ఒక పాత హోటల్. దాని గోడ నుంచి వీధి మీదికి పొడుచుకువచ్చినట్టుగా 11 మీటర్ల ఎత్తున ఒక ఇనుప పెట్టె నిలబడి ఉంటుంది. ఆ పెట్టె రెండు ముఖాల మీదా పైనుంచి కిందికి తొమ్మిదేసి ఎర్రని అక్షరాలు, అక్షరాలకు పైన ఒక నీలి పక్షి. పక్షికి మూడు భంగిమలు: రెక్కలు పైకెత్తి, అడ్డంగా చాచి, కిందికి దించి. ఒకదాని తర్వాత ఒకటి వెలిగితే ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. మమ్మల్ని పిలిచేనాటికి తూర్పు ముఖం మీద అసలు నియాన్ గొట్టాలే ఉన్నాయి, కానీ వాటిలో సరిగా వెలుగుతున్నవి మూడో వంతే. పడమటి ముఖం మీద కొన్నేళ్ల కిందట గొట్టాలన్నీ తీసేసి, అవే ఆకారాల్లో సిలికాన్ తొడుగున్న ఎల్‌ఈడీ తీగలు బిగించారు.

యజమానుల ప్రశ్న సూటిగానే ఉంది. తూర్పు ముఖాన్ని కూడా ఎల్‌ఈడీకి మార్చేయాలా, పాతదాన్నే బాగుచేయించుకోవాలా? నేను గాజు వంచి నియాన్ గొట్టాలు చేసేవాణ్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నా మనసు ఏ పక్కకు మొగ్గుతుందో వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే జవాబు చెప్పడానికి నెల రోజుల గడువు అడిగాను. ఒకే బోర్డుకు ఒక పక్క నియాన్, మరో పక్క ఎల్‌ఈడీ. అవే అక్షరాలు, అదే ఎత్తు, అదే వీధి. రెండింటినీ ఇలా పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

రెండు వైపులా నిలబడి చూస్తే

తొలి రాత్రి పనిముట్లేవీ తీసుకెళ్లలేదు. ముందు పడమటి వైపు నిలబడ్డాను. అక్షరాలు స్పష్టంగా, ఎక్కడా తెగకుండా వెలుగుతున్నాయి. రెండు వీధుల అవతల నుంచి కూడా పేరు చదవవచ్చు. దగ్గరికి నడిచేకొద్దీ మాత్రం ఏదో తగ్గుతూ వచ్చింది. బోర్డు కిందికి చేరి తల పైకెత్తితే అక్షరాల అంచులు సన్నని గీతల్లా కనిపించాయి. వాటి వెనక రేకు నల్లగా ఉంది. హోటల్ గోడ నల్లగా ఉంది. చేతులు ముందుకు చాచి చూసుకున్నాను. ఆ ఎరుపు జాడ చర్మం మీద దాదాపు లేదు.

తూర్పు వైపు కింది మూడు అక్షరాలే నిలకడగా వెలుగుతున్నాయి. మధ్య మూడూ కలిసికట్టుగా రెపరెపలాడి ఆరిపోతున్నాయి. పై మూడూ చీకటి, పక్షి జాడే లేదు. పేరు చదవడానికి వీల్లేదు. అయినా ఆ మూడు అక్షరాల చుట్టూ రేకు మీద నారింజ ఛాయ పరచుకుని ఉంది. అది హోటల్ గోడ మీదికి పాకి, ఇటుకల సందుల్లో సన్నని నీడలు గీసి, కాలిబాట దాకా వచ్చేసరికి పలచబడి, అంచున నిలిచిన వాన నీటిలో మళ్లీ చిక్కబడింది. కిటికీ చట్రాలకు ఎర్రటి అంచు పట్టింది. అక్కడ నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరి చెంపలకూ పట్టింది. సొంత పేరు చెప్పలేని స్థితిలో ఉన్న బోర్డు ఆ మూలకు మాత్రం ఒక రంగు ఇస్తూనే ఉంది.

హోటల్ రాత్రి కాపలాదారు వయసులో నాకంటే చాలా పెద్దవారు. నేను అటూ ఇటూ తిరగడం చూసి దగ్గరికి వచ్చారు. "అటువైపు పేరు బాగా కనిపిస్తుంది బాబూ, కానీ ఆ పక్క ఎవరూ నిలబడరు" అన్నారు. నిజమేనా అని ఆ తర్వాత మూడు రాత్రులు పదింటి నుంచి పన్నెండు దాకా కూర్చుని చూశాను. కారు కోసం ఎదురుచూసేవాళ్లు, వీడ్కోలు చెప్పుకుంటూ ఆగిపోయేవాళ్లు ఎక్కువగా తూర్పు మూలలోనే నిలబడ్డారు. అయితే ఆ పక్కన బస్సు ఆగే చోటు కూడా ఉంది, కాబట్టి దీన్ని రుజువుగా లెక్కించను. ఏళ్ల తరబడి రాత్రుళ్లు ఆ మూలను చూసిన మనిషి చెప్పిన మాట కనుక నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను.

గొట్టం, తీగ, రేకు

నియాన్ గొట్టంలో వెలిగేది వాయువు. మనం పీల్చే గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 18 భాగాలు మాత్రమే ఉండే ఈ వాయువును 1898లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ లండన్‌లో ద్రవరూప గాలి నుంచి వేరుచేశారు. దాన్ని వాతావరణ పీడనంలో నూటికి ఒకటి రెండు వంతుల పీడనంతో గాజు గొట్టంలో నింపి, రెండు చివర్లలోని ఎలక్ట్రోడ్ల మధ్య వేల వోల్టుల విద్యుత్తు పెడితే లోపలి వాయువంతా ఒకే కాంతి కడ్డీలా మారుతుంది. ఆ కడ్డీకి ముందూ వెనకా అనేవి లేవు. వీధి వైపు ఎంత కాంతి పోతుందో, వెనకనున్న రేకు మీదికీ అంతే పోతుంది. గొట్టాన్ని గాజు కాళ్ల మీద రేకుకు నాలుగైదు సెంటీమీటర్ల ఎడంగా నిలబెట్టడానికి మొదటి కారణం విద్యుత్ భద్రత. కానీ ఆ ఎడం వల్లే వెనకటి వెలుతురు రేకు మీద పరచుకుని, అక్షరం చుట్టూ మెత్తని వలయం కడుతుంది.

ఎల్‌ఈడీ నియాన్ అని అమ్మే తీగలో నియాన్ ఉండదు. చిన్న డయోడ్ల వరస, దాని మీద కాంతిని పలచగా పరిచే పాల రంగు సిలికాన్. ఇక్కడ వాడిన రకానికి వీపు, పక్కలు కాంతి చొరని పదార్థం. ఉన్న వెలుతురంతా ముందుకే పోతుంది. అక్షరం చదివించడానికి అది మంచి పద్ధతే, వృథా తక్కువ. రంగులోనూ తేడా ఉంది. ఎర్ర డయోడ్ కాంతి తరంగదైర్ఘ్యం దాదాపుగా 620 నుంచి 630 నానోమీటర్ల మధ్య ఒక ఇరుకైన పట్టీలో ఉంటుంది. నియాన్ వర్ణపటంలో 585 దగ్గరి పసుపు గీత మొదలుకొని 640 మీదుగా 703 దగ్గరి గాఢమైన ఎరుపు వరకు ఎన్నో గీతలు విడివిడిగా ఉంటాయి. అవన్నీ కలిసినప్పుడు వచ్చే నారింజ కలిసిన ఎరుపులో ఇటుక ఇటుకలా, చర్మం చర్మంలా కొంతైనా నిలుస్తాయి. ఒకే పట్టీ ఎరుపులో అన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి.

ఇక్కడ చరిత్రలోని ఒక సంగతి చెప్పాలి, ఈ కేసుకు దానితో నేరుగా సంబంధం ఉంది. ఫ్రాన్స్‌లో జార్జ్ క్లోడ్ గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీసే పరిశ్రమ నడిపేవారు. ఆ పనిలో మిగిలే నియాన్‌ను ఏంచేయాలన్న ఆలోచన నుంచి గొట్టం దీపం పుట్టింది. 1910 డిసెంబరులో పారిస్‌లోని గ్రాండ్ పాలేలో జరిగిన మోటారు ప్రదర్శనలో ఆయన వెలిగించినవి అక్షరాలు కావు. ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవున్న రెండు సాదా గొట్టాలు, ఆ భవనపు స్తంభాల వరసను వెలిగించడానికి. ఇళ్లలో ఎర్రని కాంతిని ఎవరు కోరుకుంటారు? ప్రకటనలకు పనికొస్తుందన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. 1912లో పారిస్‌లో ఒక క్షౌరశాల మీద మొదటి నియాన్ పేరు వెలిగింది. ఎలక్ట్రోడ్లు త్వరగా అరిగిపోకుండా చేసిన మార్పుకు 1915లో అమెరికాలో పేటెంట్ దక్కింది. అంటే నియాన్ మొదట ఒక చోటును వెలిగించడానికి పుట్టింది, పేరు రాయడం తర్వాత నేర్చుకుంది. ఆ మొదటి స్వభావం ఇప్పటికీ దానిలో ఉంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి తీర్పు తేలికే అనిపిస్తుంది. కానీ పడమటి ముఖాన్ని నిచ్చెన మీంచి పరీక్షించినప్పుడు ఒక విషయం తెలిసింది. ఎల్‌ఈడీ బిగించినవారు వెనక రేకుకు నలుపు పూశారు. తూర్పు ముఖం మీది అసలు రంగు మీగడ తెలుపు. నల్లని రేకు మీద అక్షరం బాగా ఎత్తి కనిపిస్తుందని వాళ్ల ఉద్దేశం. అప్పుడు నాకు అనుమానం వచ్చింది: వీధి కోల్పోయింది గొట్టాన్నా, రంగునా?

మా దుకాణంలో నాలుగు పలకలు కట్టాం. మీగడ రేకు మీద ఒక మీటరు నియాన్, నల్ల రేకు మీద ఒక మీటరు నియాన్, అవే రెండు రేకుల మీద ఒక్కో మీటరు ఎల్‌ఈడీ తీగ. గది చీకటి చేసి, కెమెరాను ఒకే ఎక్స్‌పోజరులో బిగించి, పలకలకు ఎదురుగా, పక్కగా, కింది నుంచి ఫొటోలు తీశాం. నల్ల రేకు మీది నియాన్ తన వలయాన్ని చాలావరకు పోగొట్టుకుంది, ఎదురుగా చూస్తే ఎల్‌ఈడీకి దగ్గరగా కూడా కనిపించింది. మీగడ రేకు మీది ఎల్‌ఈడీ కొద్దిగానే లాభపడింది, ఎందుకంటే దాని వీపు నుంచి రేకు మీదికి వెళ్లే కాంతే లేదు. కింది నుంచి తీసిన ఫొటోల్లో తేడా అన్నిటికంటే ఎక్కువ. కాలిబాట మీది మనిషి బోర్డును చూసేది ఆ కోణం నుంచే. అయినా ఈ బోర్డు గురించి మాట్లాడేవారంతా దూరం నుంచి తీసిన ఫొటోలే చూపించారు.

మరో పరీక్ష కూడా చేశాం, దాని ఫలితాన్ని దాచడం న్యాయం కాదు. పడమటి ముఖం మీది ఎల్‌ఈడీల వెలుగును ఒక రాత్రి సగానికి తగ్గించి చూశాం. గొట్టాలు లేకపోయినా, నలుపు రంగు మారకపోయినా, ఆ వీధి వెంటనే మెరుగుపడింది. మితిమీరిన వెలుగు కంటిని తనకు అలవాటు చేసుకుంటుంది, దాంతో చుట్టూ ఉన్నదంతా మరింత చీకటిగా తోస్తుంది. కొత్త బోర్డులు అమర్చేవారిలో చాలామంది పగటి వేళ పరీక్షించి వెలుగు స్థాయిని నిర్ణయిస్తారు. రాత్రి ఒకసారి వచ్చి చూసి తగ్గించాలన్న పట్టింపు ఉంటే సగం ఫిర్యాదులు పుట్టవని నా నమ్మకం.

చీకటి అక్షరాలన్నీ చచ్చినవి కావు

తూర్పు ముఖం పనిని ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. పాత బోర్డుల విషయంలో జరిగే అతి పెద్ద నష్టం ఇలాంటి చోటే జరుగుతుంది. ఆరు అక్షరాలు వెలగడం లేదు కనుక ఆరూ పాడయ్యాయని అనుకుంటారు, మొత్తం పీకేస్తారు.

ఈ బోర్డులో మూడేసి అక్షరాలకు ఒక ట్రాన్స్‌ఫార్మర్. ఆ మూడు అక్షరాల గొట్టాలూ ఒకదాని తర్వాత ఒకటి దండలా కలిపి ఉంటాయి. దండలో ఒక్క గొట్టం పగిలినా మూడూ ఆరిపోతాయి. చేతిలో పట్టుకునే స్పార్క్ టెస్టర్‌ను గాజుకు దగ్గరగా తెస్తే లోపల వాయువు శుద్ధంగా ఉన్న గొట్టం తన రంగులో చిన్నగా మేలుకుంటుంది. గాలి చొరబడినది ఊదాగా మినుకుమంటుంది, పూర్తిగా పగిలినదైతే అసలు స్పందించదు. పై మూడింటిలో మొదటి అక్షరం, మూడో అక్షరం చక్కగా ఎర్రబడ్డాయి. రెండోదానికి వంపు దగ్గర వెంట్రుక పాటి పగులు. దాని కోసం పక్కనున్న రెండూ ఎన్నేళ్లుగా చీకట్లో ఉన్నాయో తెలియదు.

మధ్య మూడింటిలో పగిలిన గొట్టం ఒక్కటీ లేదు. తప్పు పెట్టె లోపల ఉంది. పావురాల గూళ్లు, తడిసిన ధూళి, పింగాణీ ఇన్సులేటర్ల మీద మసి బాటలు. 15,000 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగల తొడుగు పెళుసుబారి పగుళ్లిచ్చింది. వాన తేమ తగిలినప్పుడల్లా విద్యుత్తు అక్షరాన్ని వదిలి ఇనుప పెట్టెలోకి దారి వెతుక్కుంటోంది. రెపరెపకు కారణం అదే. ఇది చూడడానికి ముచ్చటగా ఉండవచ్చు, కానీ పెట్టెలో ఎండు గడ్డి, పైన నిప్పు రవ్వ అంటే అగ్నిప్రమాదానికి ఒక్క అడుగు దూరం. ఆ రోజే తూర్పు ముఖానికి విద్యుత్తు ఆపించాను.

మూడు ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకటి లోపలి తారు కరిగి కారిపోయిన స్థితిలో ఉంది. మూడింటినీ మార్చాం, ఈసారి భూమికి విద్యుత్తు కారితే తనంతట తాను ఆగిపోయే రక్షణతో. తీగలన్నీ కొత్తవి, ఇన్సులేటర్లన్నీ కొత్తవి, పక్షులు దూరకుండా సన్నని వల. అక్షరాల గొట్టాల్లో మాత్రం తొమ్మిదింటికి రెండే కొత్తగా చేశాం: పగిలినది ఒకటి, మధ్య గుంపులో ఎలక్ట్రోడ్ల దగ్గర గాజు లోపల నల్లగా పూత పట్టినది ఒకటి. ఆ నలుపు ఎలక్ట్రోడ్ లోహమే కొద్దికొద్దిగా రాలి గాజుకు అంటుకున్న గుర్తు. ఇంకొన్నాళ్లు వెలిగేదేమో కానీ, దండలో ఉన్నందున పోతూ పోతూ మిగతా రెంటినీ చీకట్లోకి తీసుకెళ్లేది.

మంట ముందు

గాజును మంట మీద వంచేటప్పుడు కాగితం మీది ఆకారాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి గీస్తాం. గొట్టాన్ని వీపు వైపు నుంచి వంచితే ముందు ముఖం ఒకే మట్టంలో నిలుస్తుంది. సీసం కలిసిన గాజు కాస్త తక్కువ వేడికి మెత్తబడి, కాస్త ఎక్కువ సేపు చెప్పినట్టు వింటుంది. ఒక చివర బిరడా బిగించి, మరో చివరకు సన్నని రబ్బరు గొట్టం తగిలించి పళ్ల మధ్య పట్టుకుంటాం. గాజు మెత్తబడి వంగే క్షణంలో లోపలి దారి నొక్కుకుపోకుండా చిన్నగా ఊదాలి. ఎక్కువ ఊదితే ఉబ్బుతుంది, తక్కువైతే మూసుకుపోతుంది. రెండో అక్షరానికి పదకొండు వంపులు. తొమ్మిదో వంపు దగ్గర రెండుసార్లు పోయింది, మూడోసారి నిలిచింది.

వంచిన తర్వాతి పని బయటివారికి కనిపించదు, కానీ గొట్టం ఆయుష్షు అక్కడే తేలుతుంది. వాక్యూమ్ పంపుకు కలిపి లోపలి గాలి తీస్తూ, ప్రత్యేకమైన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గొట్టంలోకి మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ విద్యుత్తు పంపుతాం. గాజు రెండువందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. గాజు మీద పెట్టిన కాగితం ముక్క గోధుమ రంగుకు మాడితే లోపలి గోడలకు అంటుకున్న తేమ, మలినాలు వదులుతున్నట్టు లెక్క. ఎలక్ట్రోడ్లు నిప్పు కణికల్లా ఎర్రబడాలి. అవన్నీ పంపు లాగేశాక, చల్లారాక, నియాన్ నింపి సన్నని గాజు కొసను మంటతో కరిగించి మూసేస్తాం. ఇక్కడ పావుగంట తొందరపడిన గొట్టం రెండేళ్లలో మసకబారుతుంది. ఓపికగా చేసినది దశాబ్దాలు వెలుగుతుంది. ఈ బోర్డు మీద మేము ముట్టుకోని ఏడు గొట్టాలూ నాకు ముందు తరాల వారు చేసినవే. వాటిలో లోపలి వాయువు ఇప్పటికీ శుద్ధంగా ఉంది. ఆ చేతులెవరివో తెలిస్తే దండం పెట్టి వచ్చేవాణ్ని.

పక్షి దగ్గర నా పొరపాటు

తూర్పు పక్షి గొట్టాలేవీ మిగలలేదు, పెట్టె అడుగున పెంకులే ఉన్నాయి. హోటల్ వారు ఒక పాత రంగుల ఫొటో ఇచ్చారు. అందులో పక్షి తెల్లటి మెరుపుతో కూడిన నీలంగా ఉంది. దాన్ని నమ్మి, లోపల ఫాస్ఫర్ పొడి పూసిన గాజుతో మూడు భంగిమలూ చేశాను. నీలం గొట్టాల్లో ఆర్గాన్ వాయువు, ఒక చుక్క పాదరసం ఉంటాయి. పాదరసం ఆవిరి ఇచ్చే అతినీలలోహిత కిరణాలను ఫాస్ఫర్ కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది, అందువల్ల గొట్టం ఎంతో ప్రకాశవంతం అవుతుంది.

ఆ పక్షిని బిగించి వెలిగించిన రాత్రి పని బాగా కుదిరిందనే అనుకున్నాను. కాపలాదారు తల పైకెత్తి చాలాసేపు చూశారు. "పక్షి ఇలా ఉండేది కాదు. ఆకాశంలో కలిసిపోయినట్టు ఉండేది" అన్నారు. మరుసటి రోజు భద్రపరిచిన పెంకులు తీసి చూశాను. ఒక్కదాని లోపలా పొడి లేదు. అన్నీ స్వచ్ఛమైన గాజు పెంకులే. పాదరసం భయంతో వాటిని మూత బిగించిన డబ్బాలో వేయించాను కానీ, సాక్ష్యంగా వాటిని చూడలేదు. ఫొటోలోని తెల్లటి మెరుపు కెమెరా రాత్రి వెలుగును ఎక్కువగా పట్టడం వల్ల వచ్చింది. పాత బోర్డుల రంగును రాత్రి ఫొటోల నుంచి ఎన్నడూ నిర్ణయించకూడదని మా దుకాణంలో కొత్తగా చేరినవారికి చెప్పేది నేనే. ఆ మాటను నేనే పాటించలేదు.

మూడింటినీ పూత లేని గాజుతో మళ్లీ చేశాను. ఇప్పుడు అది పలచని, లోతున్న నీలం. ఎర్రని అక్షరాలతో పోటీపడదు. సంధ్య వేళ నిజంగానే ఆకాశం రంగుకు దగ్గరగా ఉండి, చీకటి ముదిరేకొద్దీ మెల్లగా విడివడుతుంది. రెక్కల కదలికకు పాత మోటారునే బాగుచేశాం. దాని ఇరుసు మీది మూడు చక్రాలు వంతులవారీగా పక్షి భంగిమల మూడు ట్రాన్స్‌ఫార్మర్లకు విద్యుత్తు ఇస్తాయి. కంప్యూటర్ చిప్ పెట్టవచ్చు, అది మరింత కచ్చితంగా ఉండేది. పాత చక్రాలు అరిగి, మధ్య భంగిమ మిగతావాటికంటే రవ్వంత ఎక్కువ సేపు నిలుస్తుంది. రెక్కలు చాచి ఒక క్షణం గాలిలో తేలినట్టు ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికి నాకు చేతులు రాలేదు. చలి బాగా ఉన్న రాత్రుల్లో పక్షి మసకబారుతుందని యజమానులకు రాతపూర్వకంగా చెప్పాం. పాదరసం ఉన్న గొట్టాల స్వభావం అది, నియాన్ ఎరుపుకు ఆ ఇబ్బంది లేదు.

పడమటి ముఖానికి ఇచ్చిన సలహా

నెల గడువు ముగిశాక మేము ఇచ్చిన నివేదిక ఒకటిన్నర పేజీ. రెండు ముఖాల మీదా అక్షరాలు, పక్షి నియాన్‌లోనే ఉండాలి. రేకు రెండు వైపులా మీగడ రంగే ఉండాలి. బడ్జెట్ చాలక ఒక్కటే చేయగలిగితే ముందు రంగు మార్చాలి. పెట్టె అంచుల వెంట పైనుంచి కింది దాకా ఉన్న తెల్లని హద్దు గీతకు మాత్రం ఎల్‌ఈడీ ఉంచేయవచ్చు, కానీ వెలుగు బాగా తగ్గించాలి. ఆ గీత దూరం నుంచి ఆకారం చూపడానికే, దాని కాంతి ఎవరి ముఖం మీదా పడదు. పైగా ఎల్‌ఈడీలో అధిక వోల్టేజీ లేదు, పాదరసం లేదు, పగిలే గాజు లేదు, విద్యుత్తు ఖర్చు తక్కువ. నిచ్చెన అందని చోట ఇవి చిన్న లాభాలు కావు.

యజమానులు ఒప్పుకున్నారు. రంగు మార్పు, హద్దు గీత సర్దుబాటు ముందు చేశాం. తొమ్మిది కొత్త అక్షరాలకు, పక్షికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

మ్యూజియంలో దొరకనిది

ఈ పని జరుగుతుండగా ఒకరు అడిగారు, ఇంత శ్రమ ఎందుకు, పాత బోర్డును మ్యూజియానికి ఇచ్చేయవచ్చు కదా అని. నియాన్ బోర్డులకు మ్యూజియాలు ఉండడం నాకెంతో సంతోషం. లాస్ వేగస్‌లో 1996 నుంచి ఒక సంస్థ దిగిపోయిన బోర్డులను సేకరిస్తోంది. వార్సాలో 2012లో నియాన్ మ్యూజియం తెరిచారు. 1960, 70 దశకాల్లో పోలండ్‌లో చిత్రకారులు గీసిన ఎన్నో బోర్డులు దానివల్ల తుక్కు కాకుండా నిలిచాయి. హాంకాంగ్‌లో అనుమతి లేని, ప్రమాదకరమైన బోర్డుల మీద అధికారులు చర్యలు తీసుకోవడంతో వీధుల మీదికి చాచుకుని ఉండే బోర్డులు భారీగా దిగిపోయాయి. కొన్నింటిని ఎం ప్లస్ మ్యూజియం తీసుకుంది, వాటిలో ఒక రెస్టారెంటు ఆవు బొమ్మ కూడా ఉంది.

కానీ మ్యూజియం గొట్టాన్ని కాపాడుతుంది. దాని కాంతి పడే ఇటుక గోడను, తడి కాలిబాటను, ఆలస్యంగా ఇంటికి వెళ్లేవారి ముఖాలను తీసుకెళ్లలేదు. మహానగరం రాత్రి ఎలా ఉంటుందన్నది ఆకాశం కంటే ఎక్కువగా ఇలాంటి తక్కువ ఎత్తు వెలుతురులే నిర్ణయిస్తాయి. లండన్ పికడిలీ సర్కస్‌లో చివరి నియాన్ 2011లో దిగింది. ఒసాకాలో దోతొంబోరి కాలువ ఒడ్డున ఉన్న పరుగుల వీరుడి బోర్డు 2014లో ఎల్‌ఈడీకి మారింది. ఆ రెండు చోట్లా వెలుగు మాత్రం పోలేదు. చిత్రాలు కదులుతాయి, మారతాయి. అయితే అవి తమవైపు చూడమని పిలుస్తాయి. మా మూలలోని ఎరుపును ఎవరూ ప్రత్యేకంగా చూడనక్కరలేదు. దానిలో నిలబడి పక్కనున్నవారిని చూస్తే చాలు.

ఎదురింటి కిటికీ

రెండు ముఖాలూ పూర్తిగా వెలిగిన రెండో వారంలో ఫిర్యాదు వచ్చింది. తూర్పు వీధికి అవతల మూడో అంతస్తులో ఉండే ఒకావిడ, తన పడకగది పైకప్పు మీద నీలి రెక్కలు రాత్రంతా ఆడుతున్నాయని, నిద్ర పట్టడం లేదని రాశారు. వెళ్లి ఆ గదిలో దీపాలార్పి కూర్చున్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఎరుపు నిలకడగా ఉంది కనుక కన్ను దానికి అలవాటు పడుతుంది. రెక్కలు మాత్రం క్షణక్షణం లేపుతున్నాయి. పైగా నిద్రా మెలకువల వేళలను శరీరానికి తెలిపే కంటి కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికే ఎక్కువగా స్పందిస్తాయి. నిద్రకు ఎరుపు చేసే హాని అంతకంటే చాలా తక్కువ.

బోర్డు మీద నాకెంత ప్రేమ ఉన్నా ఆవిడ గది ఆవిడదే. హోటల్ వారితో మాట్లాడి పక్షికి వేరే టైమర్ పెట్టించాం. సంధ్య నుంచి పదిన్నర వరకు ఎగురుతుంది, ఆ తర్వాత ఆరిపోతుంది. అక్షరాలు ఒంటిగంట దాకా ఉంటాయి. ఆవిడ ఒప్పుకున్నారు. పదిన్నరకు పక్షి ఆరడం చూడడానికి కిటికీ దగ్గరికి వస్తున్నానని తర్వాత ఒక ఉత్తరంలో రాశారు.

ఇది రాస్తున్ననాటికి తూర్పు ముఖంలో ఏ లోపమూ లేదు. పడమటి ముఖం ఏడో అక్షరం తడి రాత్రుల్లో ఒక్కోసారి ఆలస్యంగా అందుకుంటోంది. అది గొట్టం తప్పు కాదని, కింది ఇన్సులేటర్ దగ్గర తేమ చేరుతోందని అనుకుంటున్నాను. వానలు తగ్గాక నిచ్చెన వేసి చూడాలి. కాపలాదారు మొన్న ఫోను చేసి, పడమటి మూలలో ఒక పువ్వులమ్మి కొత్తగా బల్ల వేసుకుందని చెప్పారు.